ఉప్పు కరగడం, చేను చౌడెక్కడం

ఉప్పు నీళ్ళలో కరిగిందంటే మాయమైందని కాదు. సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోయిందన్నమాట. అంత గట్టి స్ఫటికాన్ని విడదీసేది ఎవరు? నీరే! నీటి అణువులో ఆక్సిజన్ వైపు కొంచెం ఋణావేశం, హైడ్రోజన్ల వైపు కొంచెం ధనావేశం ఉంటాయి. అందుచేత సోడియం చుట్టూ అయిదారు నీటి అణువులు ఆక్సిజన్ వైపు లోపలికి తిప్పి మూగుతాయి. సోడియంకూ ఆక్సిజన్‌కూ మధ్య దూరం సుమారు 2.4 ఆంగ్‌స్ట్రాములు. క్లోరైడ్ దగ్గరైతే హైడ్రోజన్లు లోపలికి తిరుగుతాయి. దీన్నే ఆర్ద్రీకరణం అంటారు.

మనలో చాలామందిమి దీన్ని పరీక్షకు చదివి వదిలేస్తాం. మా బోటి రైతుబిడ్డలకు ఇది చేలో కనిపించే సంగతి. బంకమట్టి సన్నని రేకుల పేర్పు. ఆ రేకుల మీద ఋణావేశం ఉంటుంది. సోడియంకు ఉన్నది ఒక్క ఆవేశమే; పైగా చుట్టూ నీటి తొడుగు. అది రేకులను కలిపి పట్టలేదు. మట్టి విడిపోయి, సందులు పూడిపోయి నీరు ఇంకదు. అదే కారుచౌడు.

మరి జిప్సం ఎందుకు వేస్తారు? అందులోని కాల్షియం కూడా నీటిని వెంటబెట్టుకునే వస్తుంది. కాని దానికి రెండు ఆవేశాలు కనుక రేకులను దగ్గరకు లాగి నిలుపుతుంది. చోటు కోల్పోయిన సోడియం నీళ్ళలోకి వస్తుంది.

ఇక్కడే అసలు కిటుకుంది. ఆ నీళ్ళు బయటికి పోకపోతే సోడియం చేలోనే ఉంటుంది, జిప్సం ఖర్చు దండగ. ఈ మాట మా నాన్నతో చెప్పాను. మాకున్న ఎకరం చౌడులో ఈ యేడు ముందు మురుగు కాలువ తవ్వుతున్నాం. జిప్సం ఆ తరవాతే.