ఫ్రిజ్ తలుపు తెరిచే వేళ

హోటల్లో తిని చెయ్యి కడుక్కుంటుంటే సప్లయర్ వచ్చి "ఎలా ఉంది సార్?" అంటాడు. సాంబారు పులిసింది, ఇడ్లీ రాయిలా ఉంది. అయినా "బావుంది" అనేసి, బిల్లు కట్టి బయటపడతాం. మళ్లీ ఆ గుమ్మం తొక్కం. జనం ఎందుకు తగ్గిపోయారో ఓనరుకు చివరిదాకా అంతుపట్టదు.

మనం మింగేసిన ఆ మాటను గట్టిగా అనేవాడొకడు వస్తే? బ్రిటన్‌లో చానల్ 4 దాన్నే కార్యక్రమం చేసింది. 2004 ఏప్రిల్‌లో మొదలైన ‘రామ్సేస్ కిచెన్ నైట్‌మేర్స్’లో చెఫ్ గోర్డన్ రామ్సే మునిగిపోతున్న హోటల్‌కి వెళ్లి వారం రోజులు దాన్ని లేపే ప్రయత్నం చేస్తాడు. అప్పటికే ఆయన లండన్ హోటల్‌కు వంటలో అత్యున్నత గుర్తింపైన మూడు మిషెలిన్ నక్షత్రాలున్నాయి కాబట్టి తిట్టినా పడతారు. 2007లో అమెరికాలో ఫాక్స్ చానల్ దీన్నే ‘కిచెన్ నైట్‌మేర్స్’ పేరుతో తన తరహాలో తీసింది. 2011లో చెఫ్ రాబర్ట్ ఇర్విన్ రెండు రోజుల్లో, 10,000 డాలర్లతో హోటల్ రూపు మార్చే ‘రెస్టారెంట్ ఇంపాసిబుల్’ వచ్చింది. బార్లకూ ఇలాంటి కార్యక్రమం ఒకటి ఉంది.

తిట్ల కోసమే చూస్తారని చాలామంది అంటారు. అది సగం నిజం. తిట్లు రెండు ఎపిసోడ్లకే విసుగు పుట్టిస్తాయి. మనల్ని కూర్చోబెట్టేది ఫ్రిజ్.

రామ్సే ముందు కస్టమర్‌లా కూర్చుని తింటాడు, తర్వాత వంటగదిలోకి నడుస్తాడు. కెమెరా ఆయన వెనకే. స్టీలు తలుపు తెరుచుకుంటుంది. మూతల్లేని డబ్బాలు, తేదీ రాయని మాంసం, అడుగున నల్లబడిన కూరగాయలు. ఆ క్షణంలో ఓనరు మొహం చూడాలి. రోజూ ఆ తలుపు తీసేది తనే, అయినా ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టుంటాడు. అప్పులవాళ్ల ఫోన్లకు జవాబు చెప్పుకునే మనిషికి కంపు కూడా అలవాటైపోతుంది.

తర్వాత మెనూ. నావరకు అసలు పాఠం ఇక్కడే ఉంది. జనం తగ్గగానే ఓనరు చేసే మొదటి పని ఐటమ్స్ పెంచడం: వాళ్లకు పిజ్జా, వీళ్లకు చేపలు. ఐటమ్ పెరిగితే దానికి సరుకు కొనాలి, కొన్నది దాచాలి. అమ్ముడుపోనిది పారేయాలి, లేదా గడ్డకట్టించి మైక్రోవేవ్‌లో వేడిచేసి పెట్టాలి. రుచి పోతుంది, జనం ఇంకా తగ్గుతారు. రామ్సే వచ్చి అందులో సగానికి పైగా కొట్టేస్తాడు. నాలుగు రకాలే చెయ్యండి, తాజాగా చెయ్యండి అంటాడు. మన టిఫిన్ సెంటర్లలో ఉదయం పదింటికే పిండి అయిపోయే బండి ఎందుకు నడుస్తోందో, నూరు రకాల బోర్డు పెట్టిన పక్క హోటల్ ఎందుకు వెలవెలబోతోందో దీంతో తెలిసిపోతుంది.

మొదటి ఎపిసోడ్ హోటల్ వెస్ట్ యార్క్‌షైర్‌లోని సిల్స్‌డెన్‌లో ఉండేది. కుర్ర చెఫ్‌ను ఆమ్లెట్ వెయ్యమంటే అదీ సరిగ్గా రాలేదు. అందులోని దృశ్యాలు కల్పితమని లండన్‌లోని ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రిక రాస్తే రామ్సే పరువునష్టం దావా వేశాడు. 2006లో 75,000 పౌండ్ల పరిహారం గెలిచాడు. అయితే కల్పితం కాకపోవడం వేరు, కత్తెర పడకపోవడం వేరు. వారం రోజుల పనిని గంటలోపు చూపిస్తున్నారంటే మామూలుగా గడిచిన రోజులన్నీ పోయినట్టే. అమెరికా రూపంలో ఇది మరీ ఎక్కువ, తలుపు తీసినా డప్పులు మోగుతాయి. 2013లో అరిజోనాలోని ఓ బేకరీ హోటల్ ఓనర్లు ఒక్క మాటా వినకపోతే రామ్సే చేతులెత్తేసి వెళ్లిపోయాడు. ఆ కార్యక్రమంలో అలా జరగడం అదే మొదటిసారి. రెండేళ్లకు ఆ హోటల్ మూతపడింది.

ఆయన నిలబెట్టినవాటిలోనూ చాలా హోటళ్లు తర్వాత మూతపడ్డాయి. అందులో వింతేమీ లేదు. ఒహాయోలోని కొలంబస్ నగర హోటళ్లపై 2005లో వెలువడిన అధ్యయనం ప్రకారం మొదటి ఏడాదే సుమారు 26 శాతం, మూడేళ్లలో దాదాపు 60 శాతం హోటళ్లు మూతపడ్డాయి. గోడలకు కొత్త రంగు వేస్తే అద్దె తగ్గదు, వడ్డీ ఆగదు.

2024లో తెలంగాణ ఫుడ్ సేఫ్టీ కమిషనర్ టాస్క్‌ఫోర్స్ హైదరాబాద్ హోటళ్ల వంటగదులు తనిఖీ చేసి ఫోటోలు ఎక్స్‌లో పెడుతుంటే మనమంతా వాట్సాప్‌లో పంచుకున్నాం. అదీ ఫ్రిజ్ తలుపే. కాకపోతే అక్కడ నోటీసుతో కథ ముగుస్తుంది. టీవీలో మాత్రం ఆ తలుపు తీసినవాడే చొక్కా చేతులు పైకి మడిచి వంటకు దిగుతాడు. తిట్టినవాడు ఉండి సాయం చేయడం మన ఇళ్లలో పెద్దవాళ్ల దగ్గర చూసిందే, అందుకే మనసుకు పడుతుంది.

చూడాలనుంటే బ్రిటన్ సిరీస్‌తో మొదలుపెట్టండి, బ్రైటన్‌లోని మామా చెర్రీస్ ఎపిసోడ్ వెతకండి. అక్కడ రామ్సే ప్లేటు ఖాళీ చేస్తాడు. వంట బ్రహ్మాండం, లెక్కలే గల్లంతు. కార్యక్రమం తర్వాత జనం పోటెత్తారు, పెద్ద చోటికి మారారు. కొన్నేళ్లకు అదీ మూతపడింది.