యంత్రము చక్కబడకమున్నే పాఠమును వెల్లడించుట

నేఁటి ప్రసంగవిషయము పేరునకు క్రొత్తదైనను, ఎమ్మిగనూరి మగ్గములను ఎఱిఁగినవారికి దాని మర్మము దుర్బోధము కాదు.

చేతి ఫోనులో రెండు భాగములు కలవు. లోహము, గాజు, తీగెలు కలిసిన శరీరము హార్డువేరు. ఆ శరీరమును నడపెడి ఆజ్ఞల పాఠము సాఫ్టువేరు. పలువురు వర్తకులు ఈ పాఠమును దాఁచియుంచెదరు. అందఱును చదివి, దిద్ది, మరల పంచుకొనునట్లు వెల్లడించినచో దానిని ఓపెన్ సోర్సు అందురు.

1938 లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును నెలకొల్పిన ఊరు ఎమ్మిగనూరు. అచటి నేతగానికి చీర అంచు నమూనాలో ఒక గడి తప్పు కనఁబడినదనుకొనుఁడు. కాగితము దిద్దుకొని తక్కినవారికి చెప్పును. మఱునాఁటి నేఁత చక్కబడును. కాని పోగులను బారుగా నిలిపెడి పన్నెలో పుల్లలు వంకరపోయినచో, నమూనా నెంత దిద్దినను గుడ్డమీఁది చార పోదు. పన్నెనే మార్చవలెను. నూఱు మగ్గములకు అట్టి పన్నెలే పంపియున్నచో నూఱింటిని విప్పవలెను.

ఫోనుల విషయమునను ఇట్లే జరిగినది. తైవానులోని ఓపెన్‌మోకో యను సంస్థ 2007 లో నియో 1973 అను ఫోనును, 2008 లో నియో ఫ్రీరన్నరు అను దానిని వెలువరించెను. రెండవదాని వెల 399 డాలర్లు. పాఠమే గాక, లోపలి విద్యుత్పథముల పటములను సైతము లోకమునకు ఇచ్చిన ఔదార్యము ఆ సంస్థది. ఐతే పెట్టెలో తప్పులుండెను. జ్ఞాపకపు బిళ్ల చేసెడి అలజడివలన ఉపగ్రహముల బలహీన సంకేతము సరిగా అందక, తానున్న చోటును కనుఁగొనుటకు ఫోను చాలసేపు తడుముకొనెను. మఱియు కొన్ని ఫోనులలో మాటాడునప్పుడు అవతలివారికి తుమ్మెదరొద వంటిది వినవచ్చెను. మాటకొఱకు కొన్న యంత్రమున మాటయే తెలియకున్న నిఁకేమున్నది?

మొదటి తప్పునకు పాఠముచేతనే చికిత్స కుదిరినది. బిళ్లతో పనిలేని వేళ దానికి పోవు విద్యుత్స్పందనము నిలుచునట్లు ఆజ్ఞలను మార్చిరి. రొదకు మాత్రము అది చాలలేదు. ఫోనును విప్పి, చిన్న భాగములను టంకముతో అతుకవలసివచ్చెను. 2009 ఏప్రిలులో ఆ సంస్థ తరువాతి ఫోను పనిని నిలిపి, పలువురు పనివారిని తొలఁగించెను. అందులకు ఈ తప్పులే కారణమని నేను చెప్పఁబోను.

పాఠమును ముందుగా వెల్లడించుటయే దోషమని కొందఱందురు. నాకట్లు తోఁపదు. నల్లబల్లమీఁద నేను తప్పు వేసిన లెక్కను వెనుకవరుస పిల్లవాఁడు పట్టుకొన్న దినములు కలవు. సంచిలో దాఁచిన లెక్కకు ఆ భాగ్యము లేదు. చిక్కంతయు పెట్టెయొద్దనే. పాఠమును ఉచితముగా పంచుదురు, పెట్టెకు సొమ్ము పుచ్చుకొందురు. ఫ్రీరన్నరును తొలుత కొన్నవారిలో పాఠము వ్రాయ నేర్చినవారు పెక్కుమంది, వారు ఓర్చుకొనిరి. ఆదవాని బజారులో పత్తి అమ్మిన డబ్బుతో కుమారునకు ఫోను కొను రైతునకు టంకపు నేర్పరి ఎచట దొరకును?

క్రొత్త యంత్రము మీ ఊరికి వచ్చినప్పుడు, అది చెడిన యెడల, దుకాణదారుని అడుగుఁడు: తప్పు పాఠమునదా, పెట్టెదా? పెట్టెదే యైనచో, విప్పి బాగుచేయు ఖర్చు ఎవరిది?