రక్తపుపోటు కొలత – గుండెజబ్బు సూచన

పడుగు బిగువు మితిమీరిన పోగులు తెగును. తెగిన పోగును మనము అతుకుకొందుము. ఒంటిలోని రక్తనాళముల సంగతి అట్లు కాదు. నిరుడు మా సంఘ సభ్యుడొకనికి వైద్య శిబిరములో రక్తపుపోటు 170/100 అని చెప్పిరి. అతడు రెండు మాసములు మాత్రలు వాడి, "తలనొప్పి లేదు గదా" అని మానివేసినాడు. పండుగ పని తొందరలో మగ్గము గుంటలోనే గుండెపోటు వచ్చి పోయినాడు. ఆ యింటికి పొదుపు నిధి సొమ్ము అందజేసిన చేతులతోనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పై అంకె గుండె ముడుచుకొని రక్తమును నెట్టునప్పటిది. క్రింది అంకె గుండె సడలినప్పటిది. చేతికి పట్టీ కట్టి కొలుచు సాధనమును 1896లో ఇటలీ వైద్యుడు రీవా-రోచ్చి ప్రకటించెను. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ స్టెతస్కోపుతో చప్పుడు విని రెండంకెలు గుర్తించు విధము చూపెను. 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో ఐదువేల పైచిలుకు జనమును ఏండ్ల తరబడి పరిశీలింప మొదలిడగా, పోటు హెచ్చినవారికి గుండెజబ్బు ఎక్కువగా వచ్చుట తేలినది. 2002లో వెలువడిన పదిలక్షల మంది లెక్కలలో, 40–69 ఏండ్లవారికి పై అంకె 20 పెరిగినకొద్దీ గుండెజబ్బుతో మరణించు ప్రమాదము సుమారు రెట్టింపైనది. అధికమైన పోటుకు నాళముల లోపలి పొర చెడి, కొవ్వు పేరుకొని, గుండెకు రక్తము పోవు దారి ఇరుకగుటయే దీనికి కారణము.

రెండంకెల భేదమును కూడ చూడవలెను. 160/80లో భేదము 80. వయసు మళ్ళినవారికి భేదము 60 మించిన, నాళములు బిరుసెక్కినవని గుర్తు. "క్రింది అంకె బాగున్నది" అని ఊరుకొనరాదు.

మగ్గము దిగిన వెంటనే కొలిపించుకొనరాదు. అరగంట ముందునుండి కాఫీ, బీడీ మానవలెను. మూత్రవిసర్జన చేసి, వీపు ఆనించి, పాదములు నేలపై ఉంచి, 5 నిమిషములు మాటలాడక కూర్చుండవలెను. చేయి గుండె ఎత్తున బల్లపై నుండవలెను. చొక్కా మీద పట్టీ కట్టరాదు. నిమిషము ఎడముతో రెండుసార్లు చూచి సగటు వ్రాసికొనవలెను. మొదటిసారి రెండు చేతులకూ చూపించుకొని, ఎక్కువ వచ్చిన చేతినే తరువాత వాడవలెను. వేర్వేరు దినములలో 140/90 గాని, అంతకు మించి గాని వచ్చిన డాక్టరును చూడవలెను. డాక్టరు చెప్పక మాత్ర మానరాదు. ఉప్పు దినమునకు, ఊరగాయతో సహా, 5 గ్రాములు దాటరాదు.

ఈ కొలత ఒక్కటే రోగనిర్ణయము కాదు. వయసు, పొగాకు, చక్కెరవ్యాధి, కొలెస్టరాలు కూడ కలిపి డాక్టరు ప్రమాదమును అంచనా వేయును. పోటు సరిగా ఉన్నవారికి సైతము గుండెపోటు రావచ్చును. రొమ్ము పట్టివేసినట్లుండి, నొప్పి చేతికి, దవడకు ప్రాకి, చెమటలు పోసిన, వాయువని సోడా త్రాగి కూర్చొనక 108కు ఫోను చేయుడు.

కె.జి.ఎఫ్.లో బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి; గనుల ఆసుపత్రిని నమ్ముకొనిన కాలము పోయినది. నేడు రాబర్ట్‌సన్‌పేట ప్రభుత్వ ఆసుపత్రి, కోలారు నరసింహరాజ జిల్లా ఆసుపత్రి, టమకలోని జాలప్ప ఆసుపత్రి కలవు. సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోను పోటు చూతురు.

మా సంఘ కార్యాలయములో కొలత యంత్రము నుంచినాము. నూలు తీసికొను దినమున సభ్యులు, వారి ఇంటి ఆడవారు కూడ చూపించుకొని, పాసుబుక్కు కడపటి పుటలో అంకె వ్రాయించుకొన ప్రార్థన. నూలు లెక్క వ్రాసికొను మనకు ఈ లెక్క బరువు కాదు.