సెమఫోర్ తాళం కాదు, లెక్క: థ్రెడ్లు డేటాని పంచుకునేటప్పుడు

పోయిన ఎపిసోడ్‌లో థ్రెడ్ అంటే ఏంటో చూశాం. ఒకే ప్రాసెస్‌లో ఉన్న థ్రెడ్లన్నీ గ్లోబల్ వేరియబుల్స్‌ని పంచుకుంటాయి అని చెప్పి అక్కడ ఆపేశాను. చిక్కంతా ఆ పంచుకోవడంలోనే ఉంది. ఇవాళ అది చూద్దాం.

తాండూరు మార్కెట్ యార్డు అనుకోండి. కందుల సీజన్. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది, మీకు తెలిసే ఉంటుంది. రెండు కాంటాల మీద తూకం నడుస్తోంది. మన ప్రోగ్రామ్‌లో ఒక్కో కాంటాకి ఒక్కో థ్రెడ్. రెండూ "మొత్తం" అనే ఒకే వేరియబుల్‌కి కలుపుతున్నాయి. (ఇది పాఠం కోసం నేను కల్పించుకున్న ప్రోగ్రామ్, అక్కడ వాడే సాఫ్ట్‌వేర్ సంగతి కాదు.)

ఇప్పుడు మొత్తం 400 క్వింటాళ్లు. మొదటి కాంటా మీద 25 తూగాయి, రెండో దాని మీద 30. ఎంత రావాలి? 455. మామూలుగా అదే వస్తుంది. కానీ ఎప్పుడో ఒకసారి 430 వస్తుంది, ఇంకోసారి 425 వస్తుంది.

ఎందుకంటే, మనం ఒక్క లైనులో రాసిన "మొత్తం += 25" అనేది ప్రాసెసర్‌కి మూడు పనులు. మెమరీ నుంచి చదవాలి, కలపాలి, తిరిగి రాయాలి. మొదటి థ్రెడ్ 400 చదివింది. అది రాసేలోపు రెండోది కూడా అదే 400 చదివింది. మొదటిది 425 రాసింది. రెండోది తన దగ్గరున్న పాత 400కి 30 కలిపి 430 రాసింది. 25 క్వింటాళ్లు గాలికి పోయాయి. ఎర్రర్ రాలేదు, ప్రోగ్రామ్ ఆగలేదు. ఎవరి కందులు పోయాయో ఆ రైతు వచ్చి అడిగితే తప్ప తెలియదు. దీన్నే రేస్ కండిషన్ అంటాం. వెయ్యిసార్లు రన్ చేస్తే సరిగ్గా వచ్చింది కదా సార్ అంటారు. వస్తుంది. వెయ్యిన్నొకటోసారి సంగతి ఎవరూ చెప్పలేరు.

సరే, దీన్ని ఎలా ఆపాలి? దానికి తాండూరు నుంచి వికారాబాద్ జంక్షన్‌కి పోదాం. వాడి, సికింద్రాబాద్ మధ్య లైను 1874లో మొదలైంది. అదే ఈ రెండు ఊళ్ల మీదుగా పోయే లైను. వికారాబాద్‌లో దాని నుంచి బీదర్, పర్లీ వైపు ఇంకో లైను చీలుతుంది. అది ఎన్నో ఏళ్లుగా సింగిల్ లైను. అటు నుంచి ఒక బండి, ఇటు నుంచి ఒక బండి ఒకేసారి బయల్దేరితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మన దేశంలో సింగిల్ లైన్ల మీద దీనికి వాడిన పాత ఉపాయం టోకెన్ బంతి. పక్కపక్క స్టేషన్లు రెండింటిలో రెండు యంత్రాలు, వాటి మధ్య కరెంటు కనెక్షన్. ఒక యంత్రం నుంచి ఇనుప బంతి ఒకటి బయటికి వచ్చిందంటే, అది మళ్లీ లోపల పడేదాకా ఆ రెండు యంత్రాల్లో ఏదీ ఇంకో బంతి ఇవ్వదు. బంతి చేతికొస్తేనే డ్రైవర్ బండి తీయాలి.

సెమఫోర్ అన్న పేరు కూడా సిగ్నళ్ల నుంచి వచ్చిందే. స్తంభం మీద చెయ్యి అడ్డంగా ఉంటే ఆగు, వాలితే పో. డైక్‌స్ట్రా అనే డచ్ శాస్త్రవేత్త 1960ల మొదట్లో ఆ పేరుని ప్రోగ్రామింగ్‌లోకి తెచ్చాడు. పుస్తకాల్లో పి, వి అని కనిపించేవి కూడా డచ్ మాటల మొదటి అక్షరాలే. మనం వెయిట్, సిగ్నల్ అందాం. పోసిక్స్‌లో సెమ్_వెయిట్, సెమ్_పోస్ట్.

లోపల ఉన్నది ఒక అంకె, ఒక క్యూ, అంతే. వెయిట్ అంటే: అంకె సున్నా కంటే ఎక్కువుంటే ఒకటి తగ్గించి ముందుకు పో, లేకపోతే క్యూలో పడుకో. సిగ్నల్ అంటే: ఒకటి పెంచు, ఎవరైనా పడుకుని ఉంటే ఒకరిని లేపు. మన కాంటాలకి అంకె 1తో మొదలుపెడితే చాలు. కలిపే ముందు వెయిట్, కలిపాక సిగ్నల్. 455 ఖాయం.

మరి ఆ అంకె కూడా అందరూ పంచుకునేదే కదా, దాన్ని ఎవరు కాపాడతారు? మంచి ప్రశ్న. ఆ పెంచడం, తగ్గించడం మధ్యలో తెగకుండా జరిగేలా ప్రాసెసర్ ఇచ్చే అటామిక్ ఇన్‌స్ట్రక్షన్లు, వాటి మీద ఆపరేటింగ్ సిస్టమ్ కలిసి చూసుకుంటాయి.

ఇక్కడ చాలామంది సెమఫోర్‌ని తాళం అనేసుకుంటారు. మ్యూటెక్స్ తాళం: వేసినవాడే తీయాలి. సెమఫోర్‌కి ఓనర్ లేడు. బంతి ఒక స్టేషన్‌లో తీసి, అవతలి స్టేషన్‌లో వేసేవాళ్లు కదా, అలాగ. ఒక థ్రెడ్ వెయిట్ చేస్తే ఇంకో థ్రెడ్ సిగ్నల్ ఇవ్వచ్చు. ఇంకో సంగతి, సెమఫోర్‌కి మీ వేరియబుల్ ఏదో తెలియదు. ఒక థ్రెడ్ వెయిట్ అడక్కుండా నేరుగా "మొత్తం" మీద రాసేస్తే అది ఆపలేదు. బంతి లేకుండా బండి తీసిన డ్రైవర్‌ని యంత్రం ఆపగలదా?

ఓనర్ లేకపోవడం ఎక్కడ పనికొస్తుందో చూడండి. యార్డులో ఒక షెడ్డు, 5 రాశులకే చోటు. హమాలీ థ్రెడ్ రాశి పోస్తుంది, లారీ థ్రెడ్ ఎత్తుకుపోతుంది. మూడు సెమఫోర్లు పెడదాం: ఖాళీ 5, నిండు 0, తాళం 1.

హమాలీ: వెయిట్(ఖాళీ), వెయిట్(తాళం), రాశి పోయి, సిగ్నల్(తాళం), సిగ్నల్(నిండు).
లారీ: వెయిట్(నిండు), వెయిట్(తాళం), రాశి ఎత్తు, సిగ్నల్(తాళం), సిగ్నల్(ఖాళీ).

"నిండు" సున్నాతో మొదలైంది కాబట్టి ఒక రాశి పడేదాకా లారీ కదలదు. ఒక్క తాళంతోనే నడిపిస్తే? షెడ్డు ఖాళీ అయిందా, అయిందా అని తీసి వేసి మాటిమాటికీ చూసుకోవాలి, సీపీయూ దండగ. ఇక్కడ లేపే పని ఎదుటి థ్రెడ్‌దే.

ఇప్పుడు ల్యాబ్‌లో మనవాళ్లు చేసే తప్పు. హమాలీలో మొదటి రెండు వెయిట్‌లు తారుమారు చేస్తారు, ఏముందిలే అని. షెడ్డు నిండిపోయింది అనుకోండి. హమాలీ తాళం పుచ్చుకుని, ఖాళీ కోసం పడుకున్నాడు. ఖాళీ చేయాల్సిన లారీ తాళం కోసం బయట పడుకుంది. ఇద్దరూ ఇక లేవరు. డెడ్‌లాక్. అదే చివరి రెండు సిగ్నళ్లు తారుమారైతే ఏమీ ఆగదు, ఎందుకంటే సిగ్నల్ ఎప్పుడూ నిద్రపుచ్చదు.

ఈ తప్పు టెస్టింగ్‌లో తేలిగ్గా దొరకదు. లారీ థ్రెడ్ చురుగ్గా ఉంటే షెడ్డు ఎప్పుడూ నిండదు, ప్రోగ్రామ్ చక్కగా నడుస్తున్నట్టే కనబడుతుంది. కాబట్టి కావాలని లారీ థ్రెడ్‌లో రెండు సెకన్ల స్లీప్ పెట్టండి. షెడ్డు నిండుతుంది, స్క్రీన్ మీద ప్రింట్లు ఆగిపోతాయి. అప్పుడు ఆ రెండు లైన్లు సరిచేసి మళ్లీ రన్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే షెడ్డుని మానిటర్లతో రాద్దాం.