శస్త్రచికిత్సానంతరము అన్నమెంత?

స్థూలకాయమునకు శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో కొందఱు అన్నమును విషమువలె చూతురు. కొందఱు జొన్నజావ కేమి దోషమని లోటాలకొలది త్రాగుదురు. సోదరీమణులారా, రెండును తగవు.

‘స్లీవ్’ అను పద్ధతిలో జీర్ణకోశమును సుమారు ముప్పాతిక పాలు కోసి తీసివేయుదురు. మిగిలిన సన్నని గొట్టమును మొదట అన్నమే నింపినచో, కండకు బలమిచ్చు మాంసకృత్తులకు తావెక్కడిది? కావున తొలివారముల ద్రవాహారము ముగిసి మామూలు భోజనమునకు వచ్చినపిదప, ముందు ముద్దపప్పో, గ్రుడ్డో, చేపయో తినవలెను, పిదప కూర, కడపట రెండు మూడు చెంచాల అన్నము.

మన అడవి సరిహద్దు పల్లెలలో జొన్నకూడు బలమందురు. నిజమే. కాని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన పట్టికలలో, నూఱు గ్రాముల బియ్యమునకు పిండిపదార్థము 78 గ్రాములు, జొన్నలకు 68. ధాన్యము మార్చినంతమాత్రమున కొలత మఱువరాదు. పలుచని జావ త్వరగా జాఱిపోయి మరల ఆకలి పుట్టించును. నమలి తినవలసిన రొట్టెముక్క మేలు.

భద్రాచలమున శ్రీరామనవమినాటి పానకము సంగతి మఱింత జాగ్రత్త. ‘బైపాసు’ చికిత్స అయినవారికి ముఖ్యముగా బెల్లపునీరు వడిగా చిన్నప్రేవులలోనికి దిగి గుండెదడ, చెమట, కన్నులు తిరుగుట కలుగవచ్చును. ఉద్ధరిణెడు పుచ్చుకొన్న ప్రసాదము కాకపోదు గదా!

మధుమేహమునకు మందు వాడువారు వైద్యు నడుగక అన్నము బొత్తిగా మానిన, రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును.

విస్తరిలో మిగిల్చిరని పెద్దలు నొచ్చుకొందురు. ముందే కొంచెము వడ్డించిన ఆ చిక్కు లేదు. మంచినీరు మాత్రము భోజనమైన అరగంటకు ఇయ్యవలెను.