డబ్బాకన్నా ముందు ఎండ

తెలుగువారి ఇళ్లలో సంక్రాంతి దాటాక మొదలై వేసవి నడుమ దాకా సాగే ఏడాది సరుకుల కొనుగోలుకు పొదుపు ఒక్కటే కారణం కాదు. మిరప కోతలు ఊపందుకునేదీ, పసుపు దుంపలను తవ్వి ఉడకబెట్టి ఎండబెట్టేదీ, కొత్త చింతపండు దిగేదీ ఆ నెలల్లోనే కావడం అసలు కారణం. గుంటూరు మిర్చి యార్డు, నిజామాబాద్, దుగ్గిరాల పసుపు మార్కెట్లు, హిందూపురం చింతపండు మార్కెట్ కిటకిటలాడే రోజుల్లోనే ఇళ్లలో డబ్బాలూ జాడీలూ నిండుతాయి. అయితే కొన్న సరుకు మళ్లీ పంట వచ్చేదాకా నిలవాలంటే, దాన్ని ఏ డబ్బాలో పోశారన్నదానికన్నా, పోసేనాటికి అందులో ఎంత తేమ మిగిలి ఉందన్నదే ముఖ్యం. గాలి చొరబడని డబ్బా బయటి తేమను రానివ్వదన్నది నిజమే గాని, లోపలి తేమను పోనివ్వనిదీ అదే.

బాగా ఎండిన మిరపకాయలోనూ దాదాపు 10 శాతం తేమ ఉంటుంది. అంతకు బాగా మించితే బూజు పట్టే అవకాశం పెరుగుతుంది. ఆ బూజు జాతుల్లో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనేది కాలేయానికి హాని చేసే అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. వంట వేడికి అది పూర్తిగా నశించదు కాబట్టి బూజు కాయను దులిపి, మళ్లీ ఎండబెట్టి వాడుకోవడం సరైన పని కాదు.

మిరపకాయ ఎండిందో లేదో తెలుసుకోవడానికి చెయ్యీ చెవీ చాలు. ఆడిస్తే లోపలి గింజలు గలగలమనాలి, నలిపితే తొక్క పెళుసుగా విరగాలి. వంచితే మెత్తగా వంగే కాయ ఎంత నిగనిగలాడినా అది ఎండనిదే. బస్తాకెత్తేటప్పుడు కాయలు విరిగి గింజ రాలకుండా నీళ్లు చిలకరించే అలవాటు వ్యాపారంలో ఉంది; దానివల్ల తూకం కూడా పెరుగుతుందన్న సంగతి అమ్మేవారు అంతగా చెప్పరు. అందుచేత పై కాయలే కాక బస్తా అడుగు కాయలు కూడా నాలుగు తీసి చీల్చి చూడాలి, ఎందుకంటే పైకి ఎర్రగా ఉన్న కాయలో గింజల పక్కన బూడిదరంగు బూజు దాగి ఉండవచ్చు. రంగు తేలిపోయి తెల్లబారిన కాయలను తాలు అంటారు. చవకగా వస్తుందని తాలు కలిపి పట్టిస్తే కారం వన్నె తగ్గుతుంది. ఇంటికి తెచ్చిన కాయలను మళ్లీ రెండు మూడు ఎండలకు పెట్టి, వేడి పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి; తొడిమలను మాత్రం పట్టించే రోజు దాకా తీయకపోవడం మంచిది, అవి ఊడిన చోట పురుగుకు దారి ఏర్పడుతుంది.

కాయలు ఏడాదికి కొన్నా కారం రెండు మూడు నెలలకు సరిపడానే పట్టించుకోవడం మేలు. జీలకర్ర, ధనియాలు, మిరియాలకూ ఇదే సూత్రం: వాటి వాసనకు మూలమైన ఆవిరి నూనెలు, అంటే గాలి తగిలితే ఎగిరిపోయే నూనెలు, గింజ గింజగా ఉన్నంతకాలం లోపలే భద్రంగా ఉంటాయి, పొడి కాగానే త్వరగా తరిగిపోతాయి. కారం ఎరుపూ పసుపు రంగూ వెలుతురుకు వెలిసిపోతాయి కనుక, కిటికీ పక్క అరలో అందంగా పేర్చిన గాజు సీసాలు చూడముచ్చటగా ఉంటాయే తప్ప సరుకుకు మంచివి కావు.

పసుపు కొమ్ముకు పైమెరుపు కొలత కాదు, ఎందుకంటే ఎండిన కొమ్ములను డ్రమ్ముల్లో తిప్పి మెరుగుపెడతారు. విరిచినప్పుడు ఫట్టున విరిగి, లోపల ముదురు నారింజ ఛాయ కనిపించడమే గుర్తు. కొమ్ములు కొని పట్టించుకుంటే పొడిలో జరిగే కల్తీ బెడద చాలావరకు తప్పుతుంది గాని, సీసం ఉండే లెడ్ క్రోమేట్ రంగును కొమ్ములకే పూసిన ఉదంతాలూ ఉన్నాయి కాబట్టి మరీ మిరుమిట్లు గొలిపే పసుపును అనుమానించవలసిందే.

చింతపండు సంగతి సులువు: గింజలు, ఈనెలు తీసి, ఎండబెట్టి, కల్లుప్పు కలిపి జాడీలో నొక్కిపెడితే చాలు, పులుపు లోహాన్ని తింటుంది కనుక ఇత్తడి, ఇనుప పాత్రలు పనికిరావు. కాలం గడిచేకొద్దీ నల్లబడటం చెడిపోవడం కాదు.

పప్పుధాన్యాల్లో పురుగు మూత సందులోంచే దూరిందని అనుకోవడం సహజమే గాని, చాలాసార్లు అది చేలోనే మొదలవుతుంది. తల్లి పురుగు కాయమీదో గింజమీదో గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగు గింజను తొలిచి లోపలే పెరుగుతుంది, పెద్దదయ్యాక గుండ్రటి రంధ్రం చేసుకుని బయటపడుతుంది. ఈ పురుగు పొట్టుతో ఉన్న గింజనే ఎక్కువగా కోరుకుంటుంది కాబట్టి బద్దలు చేసిన కందిపప్పుకన్నా పెసలు, శనగలు, అలసందల విషయంలో జాగ్రత్త ఎక్కువ అవసరం. గింజలకు కాస్త ఆముదం పట్టించే పాత పద్ధతిలో తెలివి ఉంది. నూనె పొర గుడ్డుకు గాలి అందనివ్వదు. వేపాకు పురుగును దరిచేరకుండా కొంత అడ్డుకోవచ్చు, లోపలున్నదాన్ని మాత్రం చంపదు.

బియ్యానికి బోరిక్ పౌడర్ కలిపే అలవాటును మాత్రం సమర్థించలేము. అది ఆహారంలో కలపదగిన పదార్థం కాదు, కడిగితే పోతుందన్న నమ్మకమూ చాలదు. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు మరింత ప్రమాదకరం. గాలిలోని తేమ తగిలితే వాటినుంచి ఫాస్ఫీన్ అనే ప్రాణాంతక వాయువు వెలువడుతుంది కనుక వాటిని ఇంట్లోకే తేకూడదు.

ఎండబెట్టుకునే డాబా లేని అపార్ట్‌మెంట్లకూ, పెద్ద ప్యాకెట్లు కొని పెట్టుకునే విదేశాల్లోని తెలుగువారికీ ఫ్రీజర్ మంచి ప్రత్యామ్నాయం. సున్నాకు దిగువన 18 డిగ్రీల చలిలో పప్పునో పిండినో వారం ఉంచితే పురుగులు గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీసిన ప్యాకెట్టును వెంటనే విప్పితే గాలిలోని తేమ చల్లటి గింజలమీద చెమ్మగా పేరుకుంటుంది కాబట్టి, అది గది వేడికి వచ్చేదాకా, అవసరమైతే ఒక రాత్రంతా, మూతి కట్టి ఉంచి ఆ తర్వాతే డబ్బాలో పోయాలి.