ఆటపెట్టె కోసం ఇంటి తాళం వదులు చేయకండి

అమెరికా నుంచి వచ్చే చుట్టాలు చాక్లెట్లతోపాటు, వాళ్ల పిల్లలు ఆడి వదిలేసిన ఆటపెట్టెలు కూడా తెస్తుంటారు. నింటెండో డి.ఎస్. అలాంటిదే. 2004లో వచ్చిన ఈ రెండు తెరల బుల్లిపెట్టెని పుస్తకంలా మడవచ్చు. ఆటలకి ఇప్పటికీ ఢోకా లేదు. పేచీ అల్లా ఇంట్లో వైఫైకి కలపబోయినప్పుడే. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కలవదు.

మా పక్కింటి వదిన ఈమధ్య ఇదే అడిగింది. "రూటరులో రక్షణ తగ్గిస్తే కలుస్తుందట. పిల్లాడు ప్రాణం తీస్తున్నాడు, తగ్గించేయనా?" అని. "ససేమిరా వద్దు" అన్నాను. ఎందుకో మీకూ చెబుతాను.

వైఫైలో మన సమాచారమంతా గాలిలో పోతుంది కనుక దానికి తాళం ఉండాలి. 1997లో వచ్చిన మొదటి తాళం పేరు వెప్. గాలిలోకి పంపే ప్రతి ముక్కకీ తాళంచెవి కాస్త మారేలా అందులో ఒక అంకె కలుపుతారు. అలాంటి అంకెలు మొత్తం కోటీ 67 లక్షలే. ఎక్కువే అనిపిస్తుంది కానీ, వాడకం బాగా ఉన్నచోట కొన్ని గంటల్లోనే అయిపోయి వాడినవే మళ్లీ వాడాల్సి వస్తుంది. 2001లోనే నిపుణులు దీని లోపాలు బయటపెట్టారు. 2007లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు నిమిషంలోపే విప్పవచ్చని చూపించారు. ఈలోగా 2003లో డబ్ల్యు.పి.ఎ., 2004లో డబ్ల్యు.పి.ఎ.2 అనే గట్టి తాళాలు వచ్చాయి.

డి.ఎస్.కి మాత్రం తెలిసింది వెప్ ఒక్కటే. అది కాదంటే, అసలు తాళమే లేని వైఫై కావాలి. 2008లో వచ్చిన డి.ఎస్.ఐ., 2011లో వచ్చిన 3డి.ఎస్. కొత్త తాళాలు నేర్చుకున్నాయి. కానీ వాటిలోనూ పాత డి.ఎస్. ఆట పెడితే మళ్లీ వెప్పే గతి!

ఒక్క బొమ్మ కోసం రూటరు తాళం మారిస్తే ఇంటిల్లిపాది ఫోన్లకీ, కంప్యూటర్లకీ అదే తాళం. బ్యాంకు యాప్‌లకి వేరే రక్షణ ఉంటుంది, నిజమే. కానీ బయటివాళ్లు మన కనెక్షన్ వాడుకుని ఏం చేసినా, ముందు ప్రశ్నలు మనకే. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకి ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్, నవీ ముంబయిలో ఒకరి ఇంటి వైఫై నుంచి వెళ్లింది. దానికి సరైన రక్షణ లేదు. పోలీసులు ఆ ఇంటికే వెళ్లారు.

పోనీ, ఇంత చేస్తే దక్కేదేమైనా ఉందా? డి.ఎస్. ఆటలకి కంపెనీ నడిపిన ఇంటర్నెట్ సేవ 2014 మే 20న మూతపడింది. పిల్లలకి ఈ సంగతి విడమరచి చెప్పండి, వింటారు. ఇద్దరి దగ్గర డి.ఎస్.లుంటే పక్కపక్కన కూర్చోబెట్టండి. ఇద్దరు ఆడే ఆటలు చాలావాటికి ఆ రెండు పెట్టెలూ నేరుగా కలుస్తాయి. రూటరుతో పనే లేదు.

చేతిలో చెయ్యిగా, మీ రూటరు సెట్టింగులు ఒకసారి చూడండి. డబ్ల్యు.పి.ఎ.2 గానీ, 3 గానీ ఉంటే నిశ్చింత. 'వెప్' అనో 'ఓపెన్' అనో కనిపిస్తే ఇవాళే మార్పించండి. కొత్త తాళం పెట్టే వీలు లేనంత పాత రూటరయితే దాన్నే మార్చేయడం మేలు.